తాటిమొద్దు కింది నీళ్లు

మా అక్క పెంచలమ్మ ఇంట్లో విత్తనం పెసలు రెండు కుండల్లో ఉండేవి. ఒకటి విత్తేదానికి. రెండోది తియ్యకుండా ఉంచేదానికి. గింజల్లో బూడిద కలిపి, మూతి మీద పేడ మెత్తి, రెండు కుండలూ అటక మీద పెట్టేది. ఆ యేడు చిత్త కార్తెలో పడిన వానకు మొదటి కుండ విత్తినారు. మొలక ఇసకలోంచి తల ఎత్తీ ఎత్తకముందే మాడిపోయింది. స్వాతిలో ఇంకొక వాన పడింది. మా బావ ముత్యాలయ్య రెండో కుండ కిందికి దించినాడు. పేడ పెళ్ల రాలగొట్టేముందు అక్క ఆ కుండను కాసేపు ఒళ్లో పెట్టుకోని కూర్చుంది.

"ఇవి కూడా పోతే ఇంక లేవు," అనింది.

"పోనిస్తానా మే," అన్నాడు బావ.

అది అరవై అయిదో సంవత్సరం. మా ఊరు జువ్వలదిన్నె పోయే దారిలో ఉంటుంది. చేలో నిలబడితే సముద్రం మోత వినిపిస్తుంది. నేల అంతా ఇసక. ఆ పెసలు అక్కను కాపురానికి పంపేటప్పుడు మా అమ్మ కొంగున కట్టి పంపినవి. గింజ చిన్నది, మెరుపుండదు. కావలి అంగట్లో అమ్మే పెసల పక్కన పోస్తే ఎవరూ ముట్టరు. కానీ కావలి పెసలు మా ఇసకలో పొడుగ్గా ఎదిగి, పూతకు రాకముందే ఎండిపోతాయి. ఇవి అట్ట కాదు. నీళ్లు తక్కువైందని తెలిస్తే ఎదగడం మానేసి ముందుగానే పూస్తాయి. నాలుగు కాయలు కాసి చచ్చిపోతాయి. ఆ నాలుగు కాయల కోసమే వాటిని పెట్టుకోని ఉండేది. ఊళ్లో మిగతా వాళ్లందరూ వేరుశనగకో సరుగుడుకో పోయినారు. నేనూ నా చేలో సరుగుడే వేసినాను. అందుకని ఆ గింజ అక్క దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

స్వాతి వాన తర్వాత మబ్బు పట్టలేదు. పెసర మొలిచింది, రెండాకులు వేసింది, మూడేసి రేకుల ఆకులు కూడా వేసింది. ఉదయం చూస్తే చేను బాగానే ఉండేది. ఎండ ఎక్కేకొద్దీ ఆకులు లేచి నిలబడేవి. రేకులన్నీ అంచుల్ని సూర్యుడి వైపు తిప్పుకొని నిలువుగా ఉండేవి. ఆకు వెనక తెలుపు కనపడి చేను మొత్తం వెలిసిపోయినట్టు ఉండేది. పొద్దు వాలేసరికి మళ్లీ పరుచుకునేవి.

బావ నడిమింట, ఎండ నెత్తి మీదున్నప్పుడు, చేలో నిలబడి అది చూసేవాడు. ఆయన్ని గురించి ఒక మాట చెప్పాలి. ఎవరైనా దప్పికగా ఉంటే ఆయన చూడలేడు. చేపల గంపలు ఎత్తుకోని కావలికి పోయే ఆడవాళ్లు మా చేను పక్కగా పోతారు. వాళ్లు అడక్కముందే దొరువులోకి దిగి చెంబు ముంచుకొచ్చేవాడు. ఎవరి ఎద్దు నాలుక బయటపెట్టినా తనే కాడి దింపించి నీళ్లు తాగించేవాడు. ఊళ్లో వాళ్లు నవ్వేవాళ్లు. ఆయన వాళ్లతో పాటు నవ్వి ఊరుకునేవాడు.

"పోలేరయ్యా, చూడబ్బా," అన్నాడు నాతో ఒకరోజు. "చేతులు ఎత్తి అడుగుతా ఉండాయి."

అక్క కలుపు తీస్తా ఉంది. తల ఎత్తకుండా అనింది. "అడగడం కాదది. ఎండను తప్పించుకుంటా ఉండాయి. సాయంత్రానికి పరుచుకుంటాయి కదా. పరుచుకోకపోతే అప్పుడు చూద్దాం."

"నువ్వు మొగుడికి అన్నం పెట్టేటప్పుడు కూడా అట్టనే చూస్తావు. అరిచేదాకా."

"నువ్వు అరవకముందే తింటావు కదా."

నేను నవ్వినాను. బావ నవ్వలేదు. కావడి భుజానికెత్తుకోని దొరువు వైపు పోయినాడు.

దొరువంటే మా పక్క ఇసకలో తవ్వే గుంట. నడిచి దిగేటట్టు ఏటవాలుగా ఉంటుంది. కావడితో కిందికి దిగి, రెండు కుండలూ ముంచుకోని, పైకొచ్చి చేలో చల్లుతాం. ఇసక కింద అంతా ఉప్పునీళ్లే. వానకు ఇంకిన మంచినీళ్లు వాటి మీద మీగడ లాగా తేలుతా ఉంటాయి. దొరువు ఆ మీగడలోకి మాత్రమే దిగాలి. బావా నేనూ కలిసి వాడుకునే దొరువును మా తాతల కాలంలో తవ్వినారు. దాని అడుగున అడ్డంగా ఒక తాటిమొద్దు పరిచి ఉంది. దొరువులో ఇసక పూడితే ఏటా తీస్తాం. పార మొద్దుకు తగిలిందంటే ఎవరూ ఏమీ చెప్పకుండానే పైకి వచ్చేస్తాం. ఎందుకని మేం చిన్నప్పుడు కూడా అడగలేదు.

ఆ యేడు వాన లేక మీగడ పలచబడింది. దొరువులో నీళ్లు కుండ మునిగేటంత కూడా లేవు. బావ చిప్పతో తోడి కుండలో పోసేవాడు. ఒక కావడి నిండేదానికి నేను రెండు చుట్టలు కాల్చేటంత సేపు పట్టేది. అట్ట తెచ్చిన నీళ్లు చేలో చల్లితే ఇసక మింగేది, తడి మచ్చ కూడా కనపడేది కాదు. మొక్కలు జానెడుకు మించలేదు. కానీ కొసల్లో పసుపు పచ్చగా మొగ్గ కనపడింది.

అక్క మొగ్గ చూసి నన్ను పిలిచింది. "చూసినావా? పూస్తా ఉండాయి. వీటిని ఇట్టనే వదిలేస్తే చాలు. పంట రాదు. కుండ నిండుతుంది."

"నిండుతుందా?" అన్నాను.

"నిండదు. అడుగు కప్పుతుంది. అది చాలు నాకు."

బావకు ఆ మాట నచ్చలేదు. ఆయన ఆ రోజు అన్నం తిని లేచినాడు. చెయ్యి కడుక్కుంటా అన్నాడు. "బిడ్డకు జ్వరమొస్తే నాలుగు రోజులు బతికితే చాలని అంటామా?"

"పెసర బిడ్డ కాదయ్యా."

"నువ్వే కదా ఒళ్లో పెట్టుకోనింది."

అక్క కంచం ఎత్తుకోని లోపలికి పోయింది. ఇంకేమన్నా అనుంటే ఆయన ఆగేవాడని నేను అనుకోను. ఆయన అప్పటికే పిలవాల్సిన మనిషిని పిలిచేసినాడు.

మరుసటి రోజు ఉదయం తిమోతి పారా తట్టా తీసుకోని వచ్చినాడు. బిట్రగుంట నుంచి కావలి దాకా బావులు తవ్వే మనిషి. నోరు ఊరుకోదు. దొరువులోకి దిగి, ఇసక తీసి, మొద్దు కనపడగానే పైకి చూసినాడు.

"ఇదేందన్నా, మీ పెద్దోళ్లు తలుపేసి పోయినారే."

"పీకు," అన్నాడు బావ.

"మోషే బండను కొడితే నీళ్లొచ్చినాయి. నువ్వు మొద్దును పీకితే చాలనుకుంటా ఉండావు. వస్తే నీ పేరు కూడా పరిశుద్ధ గ్రంథంలో రాయిస్తాలే."

"పీకబ్బా, మాటలెందుకు."

ముగ్గురం తాడు కట్టి లాగినాము. మొద్దు నల్లగా, ఇనుము మాదిరి ఉంది. పైకి తెచ్చి గట్టున పడేసినాము. తిమోతి కింద తవ్వినాడు. నడుము లోతు దిగేసరికి ఇసక కారి నీళ్లు బుడబుడా ఊరినాయి. తిమోతి దోసిట్లో పట్టి తాగినాడు. బావ తాగినాడు. నేనూ తాగినాను. బాగానే ఉన్నాయి. ఆ మాట నిజం. ఆ రోజు ఆ నీళ్లు మంచినీళ్లే.

బావ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటా అక్క వైపు చూసినాడు. అక్క గట్టు మీద మొద్దు పక్కన నిలబడి ఉంది. తాగుతావా అని చెంబు చాపినాడు. "పనుంది," అని ఇంటికి పోయింది.

ఆ తర్వాత బావ కావడి దించలేదు. కుండలు ఇట్టే మునిగేవి. ఉదయం ఒక పక్క, సాయంత్రం ఒక పక్క చల్లేవాడు. కుండ మూతికి అరచెయ్యి అడ్డంపెట్టి, నీళ్లు వాన మాదిరి పడేటట్టు తిప్పేవాడు. అట్ట చల్లడం ఊళ్లో ఆయనకే వచ్చు. చేను తేరుకుంది. ఆకు ముదురు పచ్చ అయింది, అంత పచ్చని పెసర నేను చూసి ఎరగను. మొగ్గ దగ్గర ఆగిపోయి కొత్త ఆకులు వేసింది. నడిమింట కూడా ఆకులు పరుచుకోనే ఉన్నాయి. దారిన పోయేవాళ్లు నిలబడి చూసినారు. బావ మీసం దువ్వుకునేవాడు.

అక్క మాత్రం మొగ్గ కోసం కొసలు విప్పి చూసేది. "పూత మరిచిపోయినాయి," అనేది.

"పూస్తాయిలే. కడుపు నిండినాక పూస్తాయి."

ఇంట్లో పప్పు ఉడకడం మానేసింది. కందిపప్పు పొద్దున పొయ్యి మీద పెడితే నడిమింటికి కూడా పలుకులు పలుకులుగా ఉండేది. బావ సరుగుడు పుల్లలు పచ్చివని నన్ను తిట్టినాడు. నేను ఎండు పుల్లలు తెచ్చి వేసినాను. అప్పుడూ ఉడకలేదు. అక్క గరిటె ఎత్తి, పప్పును చూసి, పొయ్యి వైపు కాక బిందె వైపు చూసింది. మేం రోజూ ఆ దొరువు నీళ్లే తాగుతా ఉన్నాం. నాలుకకు ఏమీ తెలీలేదు. రోజూ కొంచెం కొంచెం మారినవి మనిషికి తెలియవు.

తెలిసింది మస్తానమ్మకు. జువ్వలదిన్నె నుంచి చేపలు తెచ్చే ఆమె. జ్వరం పడి చాన్నాళ్లు దారిన రాలేదు. వచ్చిన రోజు బావ ఎప్పటి మాదిరి చెంబు నింపి ఇచ్చినాడు. ఒక గుక్క పోసుకోని పక్కకు ఊసింది.

"ఏం ముత్యాలన్నా, మా సముద్రాన్ని నీ చేలోకి తెచ్చుకున్నావే! ఇంక నేను గంప మోసుకోని ఇంత దూరం రావడం దేనికి, నీ దొరువులోనే వల వేస్తా."

బావ నవ్వినాడు. "నీకు జ్వరం నోరు ఇంకా పోలేదు."

"నా నోరు ఉప్పులోనే పుట్టిందన్నా. దానికి తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది."

ఆమె గంప ఎత్తుకోని పోయింది. బావ చెంబులో మిగిలిన నీళ్లు తాగినాడు. నోట్లో పెట్టుకోని కాసేపు ఉంచినాడు. మింగినాడు. మళ్లీ కావడి ఎత్తుకున్నాడు.

అప్పటికి చేలో అడుగు ఆకుల అంచులు పసుపు రంగుకు తిరిగినాయి. ముందు అంచు, తర్వాత లోపలికి. కాల్చిన కాగితం మాదిరి అంచు ముడుచుకోని గోధుమ రంగయింది. నీళ్లు చాలక ఎండే ఆకు అట్ట ఎండదు, అది మొత్తం ఒకేసారి వాడుతుంది. నడిమింట ఆకులు మళ్లీ నిలబడడం మొదలుపెట్టినాయి. ఈసారి పొద్దు వాలినాక కూడా పరుచుకోలేదు. మొదట్లో ఎండకు చేసిన పనినే ఇప్పుడు తడిలో నిలబడి చేస్తా ఉన్నాయి. కాళ్ల కింద నీళ్లున్నాయి, తాగే దారి లేదు. చూసేదానికి రెండూ ఒక్కటే. అక్కడే బావ మోసపోయినాడు.

"దప్పిక తీరలేదు," అన్నాడు. ఇంకొక కావడి పెంచినాడు.

ఉదయం పూట మొక్క మొదళ్లలో తెల్లగా పొర కనపడేది. మంచు అనుకునేవాళ్లం, ఎండ ఎక్కినా కరిగేది కాదు. అక్క ఒక మొక్క పీకింది. వేళ్ల మీద బుడిపెలుంటాయి, పెసరకు అవే బలం. మామూలుగా గోటితో గిల్లితే లోపల రక్తం రంగుంటుంది. ఇవి గిల్లితే పాలిపోయిన ఆకుపచ్చగా ఉన్నాయి. కొన్ని ఉత్త తొక్కే. అక్క ఒక ఆకు తుంచి నమిలింది. ఇంకొకటి తుంచి బావ నోటి దగ్గర పెట్టింది.

"నములు."

"ఏందే ఇది."

"నములు నువ్వు."

నమిలినాడు. ఉప్పు తెలిసింది. ముఖం చూస్తే నాకు అర్థమైంది, తోడేకొద్దీ మీగడ అయిపోయి కింది ఉప్పునీళ్లు పైకొచ్చినాయని. అయినా కావడి బద్ద మీద చెయ్యి పెట్టినాడు. అక్క ఆ చేతి మీద తన చెయ్యి పెట్టింది.

"ఇంక పొయ్యొద్దు. వాటి దప్పిక ఈ నీళ్ల వల్లే."

"పొయ్యకపోతే పొద్దు గూకేలోపల పోతాయి."

"పోతే పోనీ. దిబ్బ మీద ఉండాయి నాకు."

చేను తూర్పు కొసన ఒక ఇసక దిబ్బ ఉంది. విత్తేటప్పుడు గింజలు కొన్ని దాని మీద కూడా పడినాయి. ఏటవాలు ఎక్కువ. ఇసక జారుతుంది, కావడితో ఎక్కలేం. అందువల్ల వాటికి ఎవరూ చుక్క నీళ్లు పొయ్యలేదు. అక్కడ మొక్కలు బెత్తెడు కూడా లేవు, ఒక్కో మొక్కకు ఆకులు కూడా సరిగ్గా లేవు. కానీ పూసినాయి. పిందెలు కూడా పడినాయి, నూలుపోగు మాదిరి సన్నగా. ఆకులు ఎండలో వెంట్రుకల మాదిరి నిలబడి ఉండేవి, సాయంత్రం పరుచుకునేవి. అక్క రోజూ ఎక్కి వాటిని చూసి దిగేది. కౌజుపిట్టలు రాకుండా ముళ్లకంప నాటింది. నాతో అనింది: "దోసెడు చాలు పోలేరా. దోసెడు వస్తే మళ్లీ యేడు ఇంత జాగాలో విత్తుకుంటా. దాని నుంచి మళ్లీ రెండు కుండలు అవుతాయి."

కింద చేను ఆ వారంలోనే పోయింది. పూసిన ఒకటీ అరా పూలు తొడిమతో సహా రాలినాయి. మొక్కలు ఎండిపోయినా పై ఆకుల్లో పచ్చరంగు పోలేదు, చేత్తో నలిపితే పొడి అయ్యేవి. బావ కావడి చూరుకు ఆనించి పెట్టినాడు. పనేమీ లేక చేను గట్టున తాటిమొద్దు మీద కూర్చునేవాడు. అక్కడ నుంచి చూస్తే ఎదురుగా దిబ్బ. నడిమింట దిబ్బ మీద ఆకులు నిలబడడం ఆయనకు కనపడుతుంది.

నేను అది గమనించినాను. ఆయన అటు చూడకుండా కూర్చోలేడు. చూసి కూర్చోనూ లేడు.

ఒకరోజు పొద్దు పొడిచే ముందు నేను సరుగుడు మొక్కల్లో పనికి పోతా ఉంటే అక్క దిబ్బ మీద మోకాళ్ల మీద కూర్చోని ఉంది. దగ్గరికి పోయినాను. ఇసక తడిగా ఉంది. ఒక్కో మొక్క మొదట్లో వేలితో గుంట చేసి, కొలిచినట్టుగా నీళ్లు పోసి ఉన్నారు. దిబ్బ పక్కన ఇసకలో రెండు పాదాల గుర్తులు పైకి, కిందికి, మళ్లీ పైకి. కావడితో ఎక్కలేక బావ ఒక్కొక్క చెంబూ తెచ్చి పోసినాడు.

"ఈరోజు ఒక్కటే కాదు," అనింది అక్క. "మొన్నటి నుంచి. పొద్దెక్కేసరికి ఇసక ఆరిపోతే నాకు తెలీలేదు. చూడు." ఒక మొదట్లో వేలు గుచ్చి పైకి తీసింది. తెల్ల పొర వేలికి అంటింది.

ఇంటికి వచ్చినాము. బావ అరుగు మీద కూర్చోని ఉన్నాడు. అక్క అరవలేదు. నేను అరుస్తుందనుకున్నాను.

"ఎందుకు పోసినావు?" అనింది.

ఆయన ఇసక అంటిన కాళ్లు దులుపుకున్నాడు. ఆ తర్వాత, "చూడలేకపోయినా మే," అన్నాడు. "ఇంత చెంబుకు ఏమవుతుందిలే అనుకున్నా."

"చూడకుండా ఉండాల్సింది."

"యాడికి పోయి చూడకుండా ఉండేది?"

అక్క లోపలికి పోయింది.

దిబ్బ మీద పిందెలు చాలావరకు రాలినాయి. నిలిచినవి కాయలైనాయి, వంకరగా, అక్కడక్కడా ఉబ్బి. నల్లబడినాక అక్క ఒక్కొక్కటే కోసి కొంగులో వేసుకుంది. అరుగు మీద కూర్చోని ఒలిచింది. చాలా కాయల్లో గింజ జాగాలో ఉత్త పొర ఉంది. కొన్నింట్లో ఆవగింజంత, ముడతలు పడిన గింజ. అన్నీ కలిపితే ఆమె అరచేతి గుంట కూడా నిండలేదు.

ఆమె వాటిని తడిబట్టలో చుట్టి కొబ్బరిచిప్పలో పెట్టింది. నన్ను పంపి, బోగోలు నుంచి ఒక బిందె మంచినీళ్లు తెప్పించుకుంది వాటి కోసం. రోజూ బట్ట విప్పి చూసేది. గింజలు ఉబ్బినాయి. ఒకటో రెండో తోలు చిట్లి తెల్లని కొస చూపించినాయి. ఆ కొస గోధుమ రంగయి, మెత్తబడి, వాసన వచ్చింది. బావ గుమ్మంలో నిలబడి చూసినాడు. దగ్గరికి రాలేదు. అక్క చిప్పను తీసుకుపోయి పెంటలో బోర్లించి, కడిగి, మళ్లీ గూట్లో పెట్టింది.

ఎండాకాలమంతా బావ ఆ దొరువు పూడ్చే పని పెట్టుకున్నాడు. కింద తవ్విన జాగా అంతా ఇసకతో నింపినాడు. నేను సాయం పట్టినాను. మొద్దును మళ్లీ తాడు కట్టి దించి, ఎట్ట ఉండేదో అట్ట అడ్డంగా పరిచినాడు. అది సరిగ్గా ముందున్న జాగాలో ఉందా లేదా అని నన్ను పదేపదే అడిగినాడు. ఉంది అని చెప్పినాను. అప్పుడప్పుడు బిట్రగుంట రైలు షెడ్డుకు బొగ్గు పనికి పోయి వచ్చేవాడు. ముఖం నల్లగా చేసుకోని వచ్చి, అదే దొరువు గట్టున కడుక్కునేవాడు.

మరుసటి యేడు వానలు పడినాయి. చిత్తలో పడినాయి, స్వాతిలో పడినాయి, విశాఖలో కూడా పడినాయి. ఇసక నేల కదా, ఎంత ఉప్పున్నా వాన కడిగేసి కిందికి తీసుకోనిపోతుంది. చేను నిండా గరిక లేచింది. అటువంటి అదును నేను మళ్లీ చూడలేదు. పెసర విత్తితే మోకాలు దాటి ఎదిగి, మోయలేనంత కాసి ఉండేది.

బావ కావలి పోయి అంగట్లో పెసలు తెచ్చినాడు. పెద్ద గింజలు, నూనె రాసినట్టు మెరుస్తా ఉన్నాయి. అక్క ముందు తట్టలో పోసినాడు. ఆమె వేళ్లతో ఒకసారి కలిపి చూసి, పొయ్యి మీదికి ఎసరు పెట్టింది.

"విత్తేదానికి తెచ్చినా," అన్నాడు ఆయన.

"తెలుసులే. ఇవి తినేదానికి బాగుంటాయి."

ఆయన బయటికి వచ్చినాడు. నేను వాకిట్లో ఉన్నాను. దొరువులోకి దిగి, చెంబు ముంచుకోని వచ్చినాడు. తను తాగలేదు. లోపలికి పోయి ఆమెకు ఇచ్చినాడు.

"తాగి చూడు మే. తియ్యగా ఉండాయి ఇప్పుడు."

అక్క చెంబు అందుకోని తాగింది. మొత్తం తాగింది. పైట చెంగుతో మూతి తుడుచుకుంది.

"అవును. తియ్యగానే ఉండాయి," అనింది. చెంబు బోర్లించి పక్కన పెట్టి, పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది.

ఆ పూట పెసలు తొందరగానే ఉడికినాయి.